గోగుకట్ట కుళ్ళని ఊబి

వైశాఖం ఎండల్లో ఒక మంగళవారం, పొద్దున్న ఎనిమిదిన్నరకు, పద్మనాభం ఊరి దగ్గర, ఏడాది పొడుగునా నీళ్ళు నిలిచే మా మరిది ఊబిమడి గట్టున జేసీబీ వచ్చి నిలబడింది. అతని గేదె నిండు చూడితో ఉంది. వానలు పడేలోగా దానికి శాల కట్టాలి. కాలువ తవ్వి ఊబి నీళ్ళు వదిలేస్తే అక్కడే కట్టుకుంటానన్నాడు. వద్దన్నాను. నా మాట అతను నేను కాపురానికి వచ్చినప్పటి నుంచీ వినలేదు.

వద్దనడానికి కారణం ఉంది. చెరువులో చోటు లేక మా అత్త ఒక ఏడాది గోగుకట్టలు ఆ ఊబిలో నానేసింది. చెరువులో అయితే గోగు కుళ్ళి నార ఊడి వస్తుంది. ఊబిలో ఊడలేదు. అత్త ఊబిని తిట్టి కట్టలు అందులోనే వదిలేసింది.

ఎందుకు ఊడలేదో ముసలితనంలో అక్షరాలు నేర్చుకున్నాక పేపర్లో చదివాను. నిలవనీటి అడుగుకు గాలి చేరదట. రాలిన ఆకు, చచ్చిన వేరు పూర్తిగా కుళ్ళక ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయట. వేలెడు మందం పేరుకోవడానికి మనిషి ఆయుష్షు చాలదట. మొక్క గాలిలోంచి తీసుకున్న కార్బన్ ఆ నల్లమట్టిలోనే ఉండిపోతుంది. కార్బన్ అంటే బొగ్గులో ఉండేదే. నీళ్ళు తీసేస్తే అది కుళ్ళుతుంది, లేదా కాలుతుంది, మళ్ళీ గాలిలో కలుస్తుంది.

ఇదంతా మరిదికి చెప్పాను. కిందటి నెల తనే పారతో గట్టుకు గండి తీసి పోసిన ఎండు నల్లమట్టి కుప్ప మీద కూర్చుని చుట్ట నుసి దులుపుతూ విన్నాడు.

కాసేపటికి, "ఏటి వదినా, అలా సూత్తన్నావ్?" అన్నాడు.

"నీ కింద పొగొత్తంది."

"నీ సుట్టదేమో."

"నాది నోట్లో ఉంది."

మా వైపు ఆడవాళ్ళం నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాలుస్తాం. నిప్పు బయట పెట్టుకుని తిరిగేది మగాళ్ళే.

మరిది లేచి చూసుకున్నాడు. పంచె కూడా కొంచెం కాలింది. మంట లేదు, కుప్ప లోపల్లోపల రాజుకుంటోంది. బిందెతో పోస్తే ఇక్కడ ఆరి అక్కడ లేస్తోంది. పక్కనే గడ్డివామి, దాని పక్కన కట్టేసిన గేదె. నా తోడికోడలు పరిగెత్తుకొచ్చి గేదెను విప్పేసింది.

"మన్ను కాలడం నానెక్కడా సూడనేదు బాబూ," అన్నాడు జేసీబీ డ్రైవరు. కుప్పనంతా ఊబిలోకి నెట్టాడు. సుయ్ మంది. జేసీబీ తొట్టె పైకి లేచేసరికి దాని పళ్ళకు ఒక గోగుకట్ట తగులుకుని వచ్చింది. నల్లబడింది గానీ కర్రలు కర్రల్లాగే ఉన్నాయి.

మరిది కట్టు తాడు పట్టుకుని చూశాడు. "మా యమ్మ ముడే," అన్నాడు. డ్రైవరుతో, "తవ్వొద్దు. నాను తీసిన గండి కూడా పూడ్సేయ్," అన్నాడు.

"మరి సాల?" అంది తోడికోడలు.

"నీ మిరపమడిలో కడదాం."

"అయితే ఈ యేడు మిరపకాయలు నీ ఊబి కాస్తాదా?"

శాల మిరపమడిలోనే కట్టాడు. గేదె అందులోనే ఈనింది. తోడికోడలు పచ్చిమిర్చి కొన్నప్పుడల్లా ఊబిని తిడుతుంది, మా అత్త లాగే.

ఆ రోజు అక్కడ ఉన్నది నేను, మా మరిది, తోడికోడలు, జేసీబీ డ్రైవరు, చూడి గేదె, మా అత్త కట్టిన గోగుకట్ట. దాన్ని మళ్ళీ ఊబిలోనే వేశాం.