మా నాన్న చదివిన ఆరంకెలు

మా నాన్న ఇంగ్లీషులో చదవగలిగేవి అంకెలు మాత్రమే. చెరకు తూకం చీటీలు చూసీ చూసీ అబ్బిన విద్య అది. ఆ విద్యే నా కొంప ముంచింది.

నాతవరం దగ్గర మా పల్లెలో, మా ఇంటి మొత్తానికీ పదో తరగతి దాటిన మొదటి మనిషిని నేనే. ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్షలో మంచి ర్యాంకే వచ్చింది. ఆ ర్యాంకుకి ప్రభుత్వ కాలేజీలో సీటూ, హాస్టలూ ఖాయమన్నాడు నర్సీపట్నంలో నెట్ సెంటర్ ఆయన. మా స్తోమతకి తగిన చదువు అదొక్కటే. ప్రైవేటు కాలేజీలకి ఫీజు ప్రభుత్వం కడుతుందంటారు గానీ, ఎప్పుడు కడుతుందో దేవుడికే తెలియాలి. అది వచ్చేలోపు హాల్ టికెట్ ఆపేస్తారు. బస్సు ఫీజు, ఆ ఫీజు, ఈ ఫీజు వేరే.

కావలసిన కాలేజీలను కంప్యూటర్లో వరసగా ఎంచుకోవాలి. వాటిని ఆప్షన్లంటారు. ఖాయం చేయాలంటే ఫోన్‌కి వచ్చే ఆరంకెల ఓటీపీ కొట్టాలి. నేనిచ్చిన నంబరు మా నాన్నది.

ఆప్షన్లు మొదలైన రోజునే మా ఇంటర్ లెక్చరర్ బండి మీద మా ఇంటికొచ్చాడు. అప్పుడు నేను ఆదాయం సర్టిఫికెట్ కోసం గ్రామ సచివాలయంలో నిలబడి ఉన్నాను. జరిగిందంతా తర్వాత అమ్మ చెప్పింది. అంత చదువుకున్న మనిషి మా గుమ్మం తొక్కడం అదే మొదలు. నాన్న తలగుడ్డ తీసి నిలబడ్డాడట.

“మీరేం కష్టపడకండి బాబాయ్ గారూ. పాప ఆప్షన్లు నేను పెట్టేస్తాను. ఒరిజినల్స్ కూడా ఇలా ఇవ్వండి, నా దగ్గరైతే భద్రం.”

“మీరుండగా మాకేటి బెంగ బాబూ,” అని నాన్న ట్రంకు పెట్టె తెరిచి, నా సర్టిఫికెట్లన్నీ అతని చేతిలో పెట్టాడట. అతను నా హాల్ టికెట్ చూసి తన ఫోన్లో ఏదో నొక్కగానే నాన్న ఫోన్ మోగింది. నాన్న ఒక్కో అంకే ఇంగ్లీషులో, పక్కింటికి వినబడేలా, ఆరూ చదివాడు. “భలే చదివారండీ,” అన్నాడట ఆ మహానుభావుడు. ఆ ఒక్క మాటకి నాన్న రెండు రోజులు ఉబ్బితబ్బిబ్బయ్యాడు.

మూడో రోజు నాన్నతో వెళ్ళి నెట్ సెంటర్లో తెరిచి చూస్తే నా ఆప్షన్లలో ఒక్కటే కాలేజీ ఉంది, ఏనాడూ పేరైనా విననిది. ఖాయం కూడా చేసేశాడు.

“ఓటీపీ ఎవులికి సెప్పేరు? ఇప్పుడింకేటీ సెయ్యలేవమ్మా,” అన్నాడు నెట్ సెంటర్ ఆయన.

అక్కడే, పదిమంది ముందు, నాన్న మీద విరుచుకుపడ్డాను. “సదువు రానోడివి సదువు రానట్టు ఉండలేకపోయేవా? నీ గొప్ప పాడుగాను!” అన్నాను. నాన్న ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. “తెల్దమ్మా,” అన్నాడు, అంతే. నాకు జాలి వేయలేదు. ఇప్పుడు వేస్తోంది, ఎవరికీ పనికిరాని జాలి.

రెండో విడత కౌన్సెలింగ్‌లో కాలేజీ మార్చుకోవచ్చన్నారు, ఒరిజినల్స్ చేతిలో ఉంటే. అవేమో అప్పటికే ఆ కాలేజీ బీరువాలో ఉన్నాయి. నాలుగేళ్ళ ఫీజూ కట్టి పట్టుకెళ్ళమన్నారు. లెక్చరర్ ఫోన్ ఎత్తడం మానేశాడు. పిల్లకింతని కమీషన్ తీసుకుంటాడని తర్వాత తెలిసింది. ఏం చేస్తాను, అక్కడే చేరాను.

ఏడాది తిరిగేసరికి బస్సు ఫీజు కట్టలేకపోయాం. కాలేజీ ఆఫీసులో ఒకాయన నన్ను పిలిచి, “మీ వైపు నుంచి ఒక్క పిల్లని తీసుకురా, నీ బస్సు ఫీజు మాఫీ,” అన్నాడు. సిగ్గేసిందని అబద్ధం చెప్పను. ఇంటికి చేరేలోపే ఎవరిని తేవాలో అనుకున్నాను. కోటవురట్లలో మా మేనత్త కూతురు. దానికి నాకంటే మంచి ర్యాంకు వచ్చింది.

నాన్ననీ వెంట తీసుకెళ్ళాను, అన్న పక్కనుంటే అత్త మారుమాటాడదని. ఎందుకో మాత్రం చెప్పలేదు. నా ఫోన్లో ఆప్షన్ పెడుతుంటే, “ఏ కాలేజీ పెట్టేవు వదినా?” అని ఆ పిల్ల అడిగింది.

“మా కాలేజీయేనే. బాగుంటాది,” అన్నాను.

నాన్న తల తిప్పి నా వైపు చూశాడు. అప్పుడే అత్త ఫోన్ మోగింది.

“ఏటో అంకెలొచ్చేయి. నువ్వు సదవగలవు కదన్నా, సదువు,” అని అత్త ఫోన్ నాన్నకిచ్చింది.

నాన్న ఫోన్ దూరంగా పెట్టుకుని నెమ్మదిగా చదివాడు. అయిదంకెలు కొట్టాను. ఆయన ఆగిపోయాడు.

“ఆరోది సెప్పు నాన్నా, బేగి!”

“ఆరోది నాకు రాదు.” ఫోన్ తీసుకెళ్ళి మేనకోడలి చేతిలో పెట్టాడు. “నువ్వే ఉంచుకో తల్లీ. ఎవులికీ సెప్పకు, మీ వదినక్కూడా. రేపు నెట్ సెంటర్‌కి నాను తీసికెల్తాను, నీకు కావలసినవే పెట్టుకుందువు గాని.”

అత్తకేమీ అర్థం కాలేదు. ఆ పిల్లకి మాత్రం అయింది. నా చేతిలోని ఫోన్ వైపు ఒకసారి చూసి, తల్లి ఫోన్ గుండెలకి అదుముకుంది. ఇప్పుడది ప్రభుత్వ కాలేజీలో చదువుతోంది, నేను కావాలనుకున్న హాస్టల్లోనే ఉంటోంది.

తిరుగు ప్రయాణంలో షేర్ ఆటోలో నాన్న పక్కన ఇరుక్కుని కూర్చున్నాను. ఆయన చేసింది మంచిపనేనని నాకు తెలుసు. తెలిసే అన్నాను.

“నాకైతే ఆరూ సదివేసేవు కదా నాన్నా.”

ఊరొస్తుంటే ఆయన జేబులోంచి ఆటో చిల్లర తీసి లెక్కపెట్టాడు. దిగేటప్పుడు, “అవునమ్మా. ఆరూ సదివేసేను,” అన్నాడు.