అప్పజెప్పించుకునే వకీలు

జనగామ వెంకట్రాం వకీలుకు ఒకటే జబ్బు. ఎవరికి ఏ ముక్క చెప్పినా, దాన్ని వాళ్ళ నోటితో మళ్ళీ అప్పజెప్పించుకుంటే గాని వదిలేవాడు కాదు. మంగలి గడ్డానికి కత్తి పెట్టాలంటే, ముందు ఎక్కడిదాకా గీస్తాడో, ఎక్కడ ఆపుతాడో అప్పజెప్పాలి. భార్య ప్రమీల అంగడికి బయల్దేరితే గుమ్మంలో ఆపి, "ఏమేం తెస్తవో ఒకసారి చెప్పు" అనేవాడు. "నీ నోటికి తాళం తప్ప అన్నీ తెస్త" అని ఆమె సంచీ ఊపుకుంటూ వెళ్ళిపోయేది. ఒకసారి మున్సిఫు తీర్పు చదివి లేవబోతుంటే, "హుజూర్, ఆ మూడో మాట మళ్ళీ సెలవియ్యాలె" అన్నాడట. పాపం, ఆయన కూడా మళ్ళీ చదివాడట!

నిజానికి పల్లెటూరి మణెమ్మ ఈయనను వెతుక్కుంటూ రాలేదు. ఆమె పెనిమిటి పోశాలు కరువులో దొర దగ్గర వడ్లు తెచ్చి, ఉర్దూలో రాసిన కాగితం మీద వేలిముద్ర వేశాడు. అందులో ఇల్లు తాకట్టు ఉందని తెలియకుండానే కన్నుమూశాడు. ఇప్పుడు దొర వేసిన దావాలో ఇంటిని జప్తు చేస్తారని ఊరంతా గుప్పుమంది. ఊళ్ళో దొరలకు ఎదురు తిరిగిన సంఘం, అడవిలో తుపాకులు, దారుల్లో నిజాం పోలీసులు. ఆ రోజుల్లో మణెమ్మ మూడు కోసులు నడిచి జనగామలో వకీళ్ళ గుమ్మాలు తొక్కింది. మొదటి వకీలు దొర పేరు వినగానే కడుపునొప్పి అన్నాడు. రెండో ఆయన ఇంట్లో ఉండీ లేడనిపించాడు. మూడో ఆయన మాత్రం, "ఆ వీధి చివర ఒక పిచ్చోడున్నడు, పో" అని పుణ్యం కట్టుకున్నాడు.

వెంకట్రాం అంతా విన్నాడు. కోర్టులో అర్జీ పెట్టి, వారం తిరక్కుండా జప్తు ఆపే హుకుం తెచ్చాడు. దాని నకలు మణెమ్మ చేతిలో పెట్టి, తెలుగులో చదివి వినిపించి, "ఇగ చెప్పు" అన్నాడు.

"నాకేం తెలుస్తది సారూ, నీ బాంచెన్..."

"ఆ మాట కాగితంల లేదు. ఉన్నది చెప్పు."

"చదువు రానిదాన్ని గదా!"

"నోరొచ్చు గదా. చెప్పు."

తప్పితే మళ్ళీ మొదటినుంచి. మూడు బుధవారాలు పిలిపించాడు! మణెమ్మ కలుపు తీస్తూ అదే వల్లించింది, రొట్టె చేస్తూ అదే వల్లించింది, నడుమ నడుమ వకీలును తిట్టింది. "గీ మనిషికి పనిలేదు, నాకు పనిలేకుంట చేస్తుండు" అని పక్కింటి వీరమ్మ దగ్గర మొత్తుకుంది. చివరికి వీరమ్మ మేకకు కూడా దావా నంబరు నోటికి వచ్చేసిందని ఊళ్ళో వాళ్ళు నవ్వారు.

నాలుగో బుధవారం రాకముందే, సంఘపోళ్ళ మనిషని వెంకట్రాంను పోలీసులు పట్టుకుపోయారు. మూడోనాడే జప్తు చేసే కోర్టు అమీను, వెంట దొర గుమాస్తా, చాటింపు డప్పుతో సహా మణెమ్మ వాకిట్లో దిగారు. వకీలు లేని ఇల్లు వాకిలి లేని ఇల్లని వాళ్ళ ధీమా.

"అవ్వా, సామాను బయట పెట్టుకో. ఇల్లు జప్తు" అన్నాడు అమీను.

మణెమ్మకు 'బాంచెన్' అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసి గొంతు పెంచింది.

"దావా నంబరు నూట పద్నాలుగు. మాకు కోర్టుకు రమ్మనే సమను ముట్టలె. ముట్టకుంటనే డిక్రీ అయింది. అందుకే మున్సిఫు సాబు తీర్ నెల ఇరవై నాడు జప్తు ఆపుమని హుకుమిచ్చిండు. ఈ అమర్దాద్ నెల ఇరవై దాక ఎవ్వలు ముట్టద్దు. ఇగో నకలు. ఇయ్యాల అమర్దాద్ ఆరు. చదువు సారూ, అందరు వినేటట్టు చదువు!"

చుట్టూ జనం మూగారు. అమీను కాగితం విప్పి గొణిగాడు.

"గట్టిగ!" అన్నది వీరమ్మ.

గట్టిగా చదివాడు.

"ఇగ చదివింది ఏందో చెప్పు" అన్నది మణెమ్మ.

జనం గొల్లుమన్నారు. ముచ్చెమటలు పట్టిన అమీను, "జప్తు లేదు" అని ఒప్పుకున్నాడు. గుమాస్తాకు ఒళ్ళు మండింది.

"నీ వకీలు జైల్ల ఉండె గదా, నీ తరఫున మాట్లాడెటోళ్ళెవరు?"

"గింతసేపు మాట్లాడింది ఎవరనుకున్నవ్?"

డప్పు మోగకుండానే వెనక్కి పోయింది. మణెమ్మ తల ఆ రోజు ఇంటి దూలానికి తగిలేంత ఎత్తున ఉంది.

మరునాడు ఆ సంతోషం చెప్పడానికి ఆమె జనగామ వెళ్ళింది. ప్రమీల విని కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "తనను పట్టుకపోతరని ఆయనకు నెల ముందే తెలుసు మణెమ్మా. పారిపొమ్మంటే వినలె. పదకొండు ఇండ్లోళ్ళకు వాళ్ళ వాళ్ళ కాగితం నోటికి వచ్చేదాక కదలనన్నడు. నీదే ఆఖరుది."

మణెమ్మ నెత్తి కొట్టుకుంది. "అయ్యో, గీ ముచ్చట ముందే చెప్తే నేను గన్ని తిట్లు తిట్టకపోదును గదా!"

"ముందే చెప్తే నువ్వు భయపడి ఇంకో వకీలును చూసుకుందువు" అన్నది ప్రమీల.

మణెమ్మ "చూసుకుందునేమో" అని ఒప్పేసుకుని, కొంగులో కట్టుకొచ్చిన జొన్నరొట్టెలు తీసి ప్రమీల ముందు పెట్టింది. "జైలుకు పోయేటప్పుడు ఇవ్వి తీస్కపో అక్కా. ఇల్లు నిలబడ్డదని చెప్పు. నేనే నిలబెట్టిన్నని చెప్పు."