ఉరుకుందమ్మ రక్తం

కోడుమూరు దగ్గరి పల్లెల్లో పదకొండేళ్లుగా నర్సుగా తిరుగుతున్న సుజనకు ఆ రోజు ఓపిక నశించింది. ఆరో నెల గర్భిణి శివానికి తాను ఇచ్చిన ఐరన్ మాత్రలన్నీ బియ్యం డబ్బా వెనక అట్టలు అట్టలుగా పడి ఉన్నాయి.

"అవి మింగితే బిడ్డ నల్లగా పుడతాదంట. నేనే వద్దంటి," అంది శివాని అత్త ఉరుకుందమ్మ. బిందె దించి, రొప్పుతూ అరుగు మీద కూలబడింది.

"ఎన్నిసార్లు చెప్పల్ల పెద్దమ్మా! మనం పీల్చిన గాలిని ఒళ్లంతా మోసేది రక్తంలోని ఎర్ర కణాలే. అవి తయారు కావాలంటే ఇనుము ఉండల్ల. కణాలు చాలకుంటే గుండె దడదడా కొట్టుకోని అలిసిపోతాది. బిడ్డ రంగుకూ దీనికీ ఏం సంబంధం?"

"నేను ఏ మాత్ర మింగి నలుగుర్ని కంటి?"

సుజన సంచీలోంచి సూది తీసింది. శివాని వేలు గుచ్చి రక్తం పరీక్షించింది. హిమోగ్లోబిన్ తొమ్మిదిన్నర. అదే విసురులో కొత్త సూది తీసి, వద్దంటున్నా వినకుండా ఉరుకుందమ్మ వేలూ గుచ్చింది. ఎనిమిదిన్నర.

"నీకు పన్నెండు ఉండల్ల. ఆ ఆయాసం వయసుతో వచ్చిందనుకుంటాండావా?"

ఉరుకుందమ్మ ముఖం పాలిపోయింది. మరునాడే కోడుమూరు ఆసుపత్రికి పోయింది. డాక్టరు రాసిచ్చినవీ ఆ మాత్రలే.

రెండు నెలల తర్వాత సుజన వీధి మలుపు తిరిగేసరికి ఉరుకుందమ్మే ఎదురొచ్చింది.

"మా కోడలు శానా మొండిది మేడం. నిన్న మాత్ర మింగలేదు. నువ్వన్నా ఒకసారి చెప్పరాదా?"

సుజన ఆమె వెంటే ఇంటికి పోయి, సంచీ అరుగు మీద పెట్టి, తాగడానికి నీళ్లడిగింది.