ఫియోర్డ్ గుర్రానికి చిక్కం

ఈ ఉదయం లారీలోంచి పచ్చగడ్డి మోపులు దించుతుంటే ఆ వాసనకు లింబన్న గుర్తొచ్చాడు. సౌదీలో హాయిల్ పట్నం శివార్లలోని ఈ ఫారంలో నేను డ్రైవర్ని, ఆయన గుర్రాలు చూసేవాడు. నిర్మల్ వైపు మనిషి. వయసులో పెద్దవాడు కాబట్టి కాకా అని పిలిచేవాణ్ణి. నాకు కాస్తో కూస్తో బుద్ధి ఉందంటే ఆయన పెట్టిందే. అది వచ్చిన తీరు తల్చుకుంటే మాత్రం సిగ్గేస్తుంది.

మా కఫీల్‌కు అంటే మాకు వీసా ఇచ్చి తెచ్చుకున్న యజమానికి, అరబ్బీ గుర్రాలు ముందునుంచీ ఉన్నాయి. పిల్లల స్వారీకని నార్వే జాతి ఫియోర్డ్ గుర్రాలు రెండు తెప్పించాడు. పొట్టిగా, బలంగా, గోధుమపిండి రంగులో ఉండేవి. నిక్కబొడుచుకున్న జూలు మధ్యలో నల్లటి చార. అరబ్బీవి మహా సుకుమారం, ఎంత మేపినా ఒళ్లు చేసేవి కావు. ఇవేమో గాలి పీల్చినా లావెక్కే రకం. తమది తినేసి, పక్కవాటిని నెట్టి వాటిదీ తినేవి. ఒళ్లు పెరిగితే గిట్టల్లో వాపొచ్చి నిలబడలేవని పశువుల డాక్టరు చెప్పిన నాటినుంచి లింబన్న వాటిని బార్లీ ముట్టనివ్వలేదు. విడిగా ఎండుగడ్డి వేసేవాడు. అన్నిటినీ కలిపి పచ్చిక మీదికి వదిలేటప్పుడు, కళ్లంలో ఎద్దుల మూతికి కట్టినట్టు, తాడుతో వదులుగా అల్లిన చిక్కం కట్టేవాడు. దాని సందుల్లోంచి నాలుగు పోచలే అందేవి. గుర్రానికి ఇదేం వేషమని పాకిస్తానీ తోటమాలి పగలబడి నవ్వేవాడు.

"నవ్వనీ. దాని కాళ్లు మంచిగుంటె నాకు సాలు," అనేవాడు లింబన్న.

ఇన్ని కొలువులు సౌదీవాళ్లకే ఇవ్వాలని నితాఖత్ అనే చట్టం వచ్చింది, దాని వెనకే మాలాంటివాళ్ల మీద తలకింత అని యజమాని కట్టాల్సిన లెవీ. కఫీల్ గుర్రాల పని ఫహద్ అనే సౌదీ ఆయనకు ఇచ్చి, లింబన్నకు ఇక ఇంటికి పొమ్మని ఎగ్జిట్ వీసా కొట్టించాడు. వెళ్లేలోపు పని నేర్పమన్నాడు. లింబన్నకు అరబ్బీ అంతంతమాత్రం, ఆయన మాట నేను అరబ్బీలోకి మార్చి చెప్పాలి.

నాకు ఒళ్లు మండిపోయింది. ఊళ్లో ఆయన ఇల్లు సగంలో ఆగి ఉంది. ఆ పూట వంట చేసుకుంటుంటే అన్నాను: "కాకా, అంతా జెప్పకు. గుర్రం కాళ్లు పడిపోతె కఫీలే నిన్ను మల్ల పిలుస్తడు."

ఆయన పప్పు కలుపుతూ ఉండిపోయాడు. ఒప్పుకున్నాడనుకున్నాను.

మర్నాడు లాయంలో ఆయన చెబుతూ పోయాడు, నేను అరబ్బీలో చెబుతూ పోయాను. నీళ్లు, గిట్టలు, ఎండాకాలం ఒంటి వెంట్రుకలు కత్తిరించడం. ఫియోర్డ్‌లకు బార్లీ వద్దన్న దగ్గర మాత్రం ఆ మాట మింగేసి, చిక్కం ఈగల కోసమని చెప్పాను. ఫహద్ తలాడించాడు. లింబన్న నావైపు చూశాడు.

"షయీర్ అననే లేదేందిరా?" అన్నాడు. బార్లీకి అరబ్బీ మాట అది. రోజూ బస్తాలు దించుకునే మనిషి, ఆయనకు తెలియకుండా ఎలా ఉంటుంది?

"నీ కోసమే కాకా."

"నా కొలువు సంగతి నేను జూసుకుంట. దాని కాళ్లతోని నీకేం పని? చెప్పు."

ఆయన గొంతు పెంచలేదు. గుర్రం మెడ మీది చెయ్యి తియ్యలేదు. ఇందాక తప్పు చెప్పానని ఫహద్‌తో అని, మొత్తం మళ్లీ చెప్పాను. ఫహద్ లింబన్న చేతులు చూస్తూ చిక్కం కట్టడం నేర్చుకున్నాడు.

ఎయిర్‌పోర్టుకు నేనే దిగబెట్టాను. దారిలో తిడతాడేమోనని చూశాను. "ఫహద్ చెయ్యి మంచిదిరా, గుర్రాలు బెదుర్తలేవు," అన్నాడంతే. అప్పట్నుంచి ఆస్పత్రిలోనైనా, పోలీసుల ముందైనా ఎవరి మాట నేను అరబ్బీలో చెప్పాల్సి వచ్చినా ఒక్క ముక్క వదలను.

లింబన్న ఇప్పటికీ ఫోన్ చేస్తాడు. ఇల్లు ఇంకా సగంలోనే ఉంది. ముందు అడిగేది ఫియోర్డ్‌ల కాళ్ల గురించి. బాగున్నాయంటాను. నిజంగానే బాగున్నాయి. అందుకే ఆయన్ని మళ్లీ పిలవాల్సిన అవసరం కఫీల్‌కు రాలేదు.

"గట్లనా? మంచిగుండనీ," అని ఎంతో సంతోషపడతాడు. ఆయన సంతోషపడ్డ ప్రతిసారీ, ఫోన్లో నన్ను చూసేవాళ్లెవరూ లేకపోయినా, నేను తల దించుకుంటాను.