చింతపండుతో తోమిన బిళ్ళ

మూడేళ్ళ క్రితం ఇక్కడ ఐర్లండ్‌లో మా లిమరిక్ ఊరి తెలుగువాళ్ళు వేసిన ఉగాది సంచికలో నేనొక వ్యాసం రాశాను. మా పక్కింటి పెద్దావిడ దగ్గరున్న పాత అమెరికన్ సైకిల్‌ను ఏ ఊరి ఫ్యాక్టరీ తయారుచేసిందో ఎలా కనిపెట్టానన్నది అందులో విషయం. చదివినవాళ్ళు మెచ్చుకున్నారు. నిజానికి నేనేమీ కనిపెట్టలేదు. ఉన్న ఒక్క ఆధారాన్నీ నా చేత్తోనే చెరిపేశాను. ఆ సంగతి వ్యాసంలో రాయలేదు, ఆవిడకూ చెప్పలేదు.

ఆవిడకు అప్పటికే ఎనభై దాటాయి. ఒంటరి మనిషి. మేము ఆ ఇంట్లోకి దిగిన కొత్తలో నేను మేడమ్ అని పిలిస్తే, "మేడమ్ ఏంటయ్యా, రాణులుండేది పక్క దీవిలో, ఇంగ్లండ్‌లో," అంది. అప్పటినుంచి మా అమ్మాయిలాగే నేనూ ఆంటీ అన్నాను. అందుకు ఇంకా నవ్వింది.

నాకు పాత సైకిళ్ళ పిచ్చి ఉందని తెలిసి ఒక శనివారం తన షెడ్డులోకి తీసుకెళ్ళింది. వాళ్ళ నాన్న అమెరికాలో పదకొండేళ్ళుండి, ఆ సైకిల్‌తో ఓడ దిగాడట. ఆవిడకు ఐదేళ్ళప్పుడే పోయాడు. అక్కడ సైకిళ్ళ ఫ్యాక్టరీలో పనిచేశాడనీ, దాన్ని తన చేతుల్తోనే బిగించుకున్నాడనీ వాళ్ళమ్మ చెప్పేది. ఏ ఊళ్ళోనో వాళ్ళమ్మకూ తెలియదు. చుట్టుపక్కలవాళ్ళు మాత్రం అతను అక్కడ తాగి తిరిగాడనీ, సైకిల్ ఎవరిదో కొట్టుకొచ్చాడనీ అనుకునేవారట.

"ఊరి పేరొక్కటి చెప్పు చాలు," అంది ఆవిడ. "అక్కడ అడిగి చూస్తాను. మా నాన్న నిజమే చెప్పాడని ఒక్కసారి తెలిస్తే చాలు నాకు."

పాత అమెరికన్ సైకిళ్ళతో ఒక చిక్కుంది. హ్యాండిల్ కింది గొట్టం మీద ఇత్తడి బిళ్ళ ఉంటుంది. దానిమీద పెద్ద అక్షరాల్లో ఉన్న పేరు చాలాసార్లు అమ్మినవాడిదే, చేసినవాడిది కాదు. ఒకే ఫ్యాక్టరీ ఎన్నో దుకాణాలకు ఎవరి పేరుతో వాళ్ళకు బిళ్ళలు కొట్టి పంపేది. అసలు చేసినవాణ్ణి పట్టుకోవాలంటే పెడళ్ళ దగ్గరి పళ్ళచక్రం ఆకారం, ఫ్రేము అడుగున కొట్టిన నంబరు, బిళ్ళ బిగించిన రంధ్రాల మధ్య దూరం చూడాలి. ఆవిడ సైకిల్‌కు పళ్ళచక్రం ఎప్పుడో మార్చేశారు. నంబరును షెడ్డులో చెమ్మ తినేసింది. బిళ్ళ విప్పి రంధ్రాల దూరం కొలిస్తే మూడు ఫ్యాక్టరీలు మిగిలాయి. ఒకటి మసాచుసెట్స్‌లో, ఒకటి ఒహాయోలో, ఒకటి ఇండియానాలో.

ఇక మిగిలింది ఆ బిళ్ళే. దుకాణం పేరు కింద, నల్లబడిన అంచు మీద, చీమల బారులాగా ఒక వరస సన్నటి అక్షరాలున్నాయి. అలాంటిచోట ఒక్కోసారి తయారైన ఊరి పేరు ఉంటుంది. దాన్ని జేబులో వేసుకుని ఇంటికొచ్చాను.

ఈ పనిలో మొదటి పాఠం ముందు ఫొటో తీయడం. తుడవకూడదు, కడగకూడదు. ఆన్‌లైన్‌లో ఎంతమంది కొత్తవాళ్ళకు నేనే ఈ మాట చెప్పి కసిరానో లెక్కలేదు.

ఆ వారంలోనే వరలక్ష్మీ వ్రతం. మా ఆవిడ సింకు దగ్గర పూజసామాన్లు చింతపండు పెట్టి తోముతోంది. కుందులు, గంట, పంచపాత్ర ఒక్కొక్కటీ కొత్తవైపోయి బయటికొస్తున్నాయి. పుట్టిన దగ్గర్నుంచి నాకు తెలిసిన ఇత్తడి అదే. మెరిస్తేనే ఇత్తడి. బిళ్ళ తీసి ఆ పులుసులో వేశాను.

"ఏవండీ, దేవుడి సామాన్లలో ఆ తుప్పుముక్కేంటి?"

"తుప్పేంటే, ఇత్తడి. కాస్త నానితే అక్షరాలు అవే కనబడతాయ్."

"ఆవిణ్ణి అడిగారా?"

"అడిగేదేముంది, చూసి మురిసిపోద్ది."

"ఫొటో అయినా తీసుకోండి ముందు. ఊరందరికీ చెప్తారుగా."

"ఇంత మురికిలో ఏం పడుద్ది ఫొటో?"

నానబెట్టి, ఉప్పు చల్లి, గట్టిగా తోమాను. దుకాణం పేరు ఉబ్బెత్తు అక్షరాలు కాబట్టి నిలిచింది. కింది వరస అలాంటిది కాదు. అరిగిపోయిన గీతల్లో పాత నల్లరంగు పట్టుకుని ఉండబట్టే అది ఇన్నేళ్ళూ కనబడింది. ఆ నలుపు కాస్తా పులుసుతో పాటు సింకులోకి పోయింది. అప్పుడు కళ్ళజోడు తెచ్చుకున్నాను. కిటికీ దగ్గర అటూ ఇటూ వంచి చూశాను. మా అమ్మాయి నా భుజం మీదుగా తొంగిచూసి, "ఇట్స్ గాన్, డాడ్," అని మేడ మీదికెళ్ళిపోయింది.

తెలియలేదని చెప్పడానికే వెళ్ళాను. తలుపు తీసి, నా అరచేతిలో బిళ్ళ చూసి, ఆవిడ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఓహ్, దట్స్ గ్రాండ్! మా అమ్మ చూసుంటే ఎంత బావుండేది. ఊరు తెలిసిందా?"

మసాచుసెట్స్ ఊరి పేరు చెప్పాను. ఐర్లండ్ నుంచి ఎక్కువమంది వెళ్ళింది అటే కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఆ మాట మీదే వ్యాసమూ రాశాను.

ఆవిడ ఆ ఊరి లైబ్రరీకి ఉత్తరం రాసింది. తర్వాత చర్చికి, మళ్ళీ లైబ్రరీకి. ఏడాది గడిచాక నన్ను పిలిచి, వంటింట్లో ప్రెస్ తెరిచింది. ఇక్కడ అలమరను ప్రెస్ అంటారు. టీ డబ్బాల వెనకనుంచి ఉత్తరాలు తీసి బల్ల మీద పెట్టింది. ఆ ఫ్యాక్టరీ హాజరు పుస్తకాలు అక్కడ భద్రంగా ఉన్నాయి. లైబ్రరీవాళ్ళు ఓపిగ్గా అన్నీ చూశారు. వాళ్ళ నాన్న పేరు ఏ ఏడాదిలోనూ లేదు.

"అంటే మా అమ్మకు అబద్ధం చెప్పాడు," అంది. "జనం అన్నదే నిజం."

"పుస్తకాల్లో తప్పులుండొచ్చు ఆంటీ."

"నా మనసు కష్టపడకూడదని చూస్తున్నావు, లవ్. నీ పని నువ్వు సరిగ్గానే చేశావు."

అప్పుడైనా చెప్పాల్సింది. టీ తాగి వచ్చేశాను.

ఆ నెలలోనే ఆవిడ ఇంటిముందు చెత్త వేసే ఇనుపతొట్టి దింపారు. ఉదయం ఆఫీసుకు వెళుతూ కారులోంచి చూశాను. పాత పరుపు కింద సైకిల్ హ్యాండిల్ కనబడుతోంది. ఆపలేదు. సాయంత్రానికి తొట్టి లేదు.

తర్వాత నేనే మిగతా రెండు ఊళ్ళకూ రాశాను. ఒకచోట ఆ కాలం పుస్తకాలు మిగల్లేదు. రెండోచోట కూలీల పేర్లు రాసిపెట్టే అలవాటే లేదట. ఆ జవాబులు పట్టుకుని ఈ మార్చిలో ఆవిడ దగ్గరికి వెళ్ళాను. చూపు బాగా మందగించింది. నా గొంతు విని గుర్తుపట్టి కూర్చోమంది. చింతపండు దగ్గర్నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాను.

"కడగకముందు ఏముంది అక్కడ?" అంది ఆవిడ.

"చదవలేదు ఆంటీ. కళ్ళజోడు లేదు. మెరిశాక చదువుదామనుకున్నాను."

"మొదటి అక్షరమైనా?"

"లేదు."

"సైకిల్ కూడా పోయింది కదా," అంది, నాతో కాదు. బల్ల మీద వేళ్ళతో వెతికి కప్పును అంచునుంచి లోపలికి జరిపింది. "ఇన్నాళ్ళూ నాన్నను దొంగ అనుకున్నాను."

నేను నేల చూస్తూ చెప్పిన మాటలు ఇవి. "మీ నాన్నగారు నిజం చెప్పారో లేదో నాకు తెలియదు ఆంటీ. అది తెలిసే దారి లేకుండా చేసింది నేను. తెలియదన్న మాట ఆ రోజే గుమ్మంలో నిలబడి చెప్పాల్సింది, చెప్పలేదు. నన్ను క్షమించండి."