కామేశ్వరి దీదీ నేర్పిన టూ క్లబ్స్

నిన్న మా దీవుల్లోని రంగత్‌లో నా కొట్టు సర్దుతుంటే టాల్కం పౌడరు డబ్బా మూత ఊడి పొడి నేలంతా పరుచుకుంది. ఆ వాసనకు కామేశ్వరి దీదీ గుర్తొచ్చారు. వానాకాలపు తేమకు పేకముక్కలు అంటుకుపోతాయని ఆవిడ ఒక్కో ముక్కకూ పౌడరు రుద్దేవారు.

రేవు పక్కన జంగ్లీఘాట్‌లో ఆవిడకు వలలు, తాళ్ళు అమ్మే కొట్టుండేది. చదువు ఆపేసి నేను అక్కడే పనికి చేరాను. ఎవరైనా గట్టిగా మాట్లాడితే గొంతు పెగలని పిల్లని. ఆదివారం మధ్యాహ్నాలు కొట్టు మీది గదిలో బ్రిడ్జి పేకాట ఆడేవారు. భర్త పోయాక ఆవిడ ఎదుటి కుర్చీ ఖాళీ అయింది. ఆట నేర్పి నన్ను అందులో కూర్చోబెట్టారు. అవతలి జట్టు, ఓడల్లో పనిచేసి రిటైరైన కెప్టెన్ గారు, ఆయన భార్య.

బ్రిడ్జిలో ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరూ ఒక జట్టు. ముక్కలు చూపించుకోకూడదు, ఆటకు ముందు వంతులవారీగా పాడే పాటతోనే ఒకరి బలం ఒకరికి తెలియాలి. ఒక ఆదివారం దీదీ 'వన్ నోట్రంప్' అన్నారు, తురుపు లేకుండా ఆడతానని. వెంటనే కెప్టెన్ గారు 'డబుల్' అన్నారు, ఓడితే నష్టం రెట్టింపని. నా చేతిలో ఒక్క బొమ్మ ముక్క కూడా లేదు. భయపడి 'పాస్' అన్నాను. చిత్తుగా ఓడిపోయాం.

"నీ దగ్గర ఏటుందే?" అన్నారు దీదీ.

"ఏమీ లేదు దీదీ. అందుకే మాట్లాడలేదు."

"అరే, ఏమీ లేనోళ్ళే బోలాలి! నా బలం నాను చెప్పీసాను. నీ చెయ్యి ఖాళీ అని నాకెలాగ తెలుస్తాది? చిన్నవైతే ఏటి, కళావర్లు అయిదున్నాయి కదా. కళావర్లే తురుపని 'టూ క్లబ్స్' అనీసి పారిపో. ఓడితే ఓడదాం, తక్కువలో ఓడదాం."

కొన్ని వారాలకు మళ్ళీ అదే పాట, అదే డబుల్. నా చేతిలో మళ్ళీ చిల్లర కళావర్లే. "టూ క్లబ్స్" అన్నాను. ఒకే ఒక్క పట్టు తేడాతో ఓడాం. "బచ్ గయే, తప్పించుకున్నారు!" అంటూ కెప్టెన్ గారు నుదురు కొట్టుకున్నారు. గెలిచినప్పుడు కూడా దీదీ మొహం అంతలా వెలగడం నేను చూడలేదు.

ఆ మరుసటి ఏడు దీదీ రంగత్‌లో రెండో కొట్టు తెరవాలనుకున్నారు. మాది ఆ ఊరే కాబట్టి నన్నే నడపమన్నారు. అమ్మ మిఠాయి పంచేసింది. నాకు మాత్రం నిద్ర పట్టలేదు. లెక్కలు రావు, బేరమాడడం రాదు. మర్నాడు పొద్దున్నే వెళ్ళి చెప్పేశాను.

"దీదీ, నా వల్ల కాదు. ఒక్కదాన్నే అయితే కొట్టు ముంచేస్తాను."

కోప్పడతారనుకున్నాను. ఆవిడ పకపకా నవ్వారు. "బాగా చెప్పావు. ఇప్పుడు ఆగితే పోయేదేటి లేదు. తెరిచాక చెప్పుంటే ఇద్దరం మునుగుదుం. ఇలా రా, నా పక్కన కూకో." ఏడాది పాటు నన్ను గల్లా దగ్గరే కూర్చోబెట్టుకుని కొనడం, అమ్మడం, కాదనడం అన్నీ నేర్పారు. రంగత్ కొట్టు ఆ తర్వాతే తెరిచాం. ఇప్పటికీ నడుస్తోంది. దీదీ పోయారు.

మొన్న అమ్మను ఆస్పత్రికి తీసుకెళ్ళాను. డాక్టరు గారు స్కాన్ చూస్తూ ఇంగ్లీషులో గబగబా చెప్పుకుపోతున్నారు. చుట్టూ జనం. "సాబ్, నాకేమీ అర్థం కాలేదు. మళ్ళీ చెప్పండి" అన్నాను. గొంతు వణకలేదు. ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకుని, హిందీలో మొదటినుంచీ మొదలుపెట్టారు.