బూరెగాడికి జలుబు చేసింది

ఆ రోజుల్లో ఒంటరితనాన్ని దాచుకోవడానికి చోటుండేది కాదు. ఇప్పుడైతే కొత్త ఊళ్ళో దిగినవాడు జేబులోంచి ఫోను తీసి తల వంచుకుంటే చాలు, వాడికెక్కడో బోలెడంత మంది ఉన్నట్టే కనిపిస్తాడు. అప్పుడలా కాదు. మెస్సులో ఒక్కడివే కూర్చుంటే ఆ సంగతి అన్నం వడ్డించే మనిషి దగ్గర్నుంచి బయట చెప్పులు విడిచేవాడి దాకా అందరికీ తెలిసిపోయేది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేను నరసాపురంలో ఉద్యోగానికి చేరినప్పుడు, అందుకే, మెస్సులో గోడవైపు తిరిగి కూర్చునేవాణ్ణి. గోడమీద ఎరువుల కొట్టు వాళ్ళ క్యాలెండరు ఉండేది. దానిమీద వరికంకి పట్టుకుని నవ్వుతున్న రైతుతో కలిసి నేను చాలా భోజనాలు చేశాను.

నా ఇబ్బందంతా నా గొంతుతో. ఒక వయసొచ్చేసరికి మగపిల్లలందరికీ గొంతు మారుతుంది. నాది మారడం మర్చిపోయింది. ఫోనెత్తి హలో అంటే "అమ్మా, నాన్నగారున్నారా" అని అడిగేవారు. కాలేజీలో పాఠం చదవమని నన్ను లేపిన రోజున వెనక బెంచీల వాళ్ళు ముందు బెంచీలకి వచ్చి కూర్చునేవారు. ద్రాక్షారామం పక్కన మా ఊళ్ళో అందరికీ అది అలవాటే కాబట్టి బతికిపోయాను. గోదావరి పాయలు ఒక్కొక్కటీ దాటుకుంటూ ఈ చివరికి వచ్చాక మాత్రం, నవ్వేవాళ్ళు కొత్తవాళ్ళు కదా, నోరు విప్పడమే తగ్గించేశాను. మెస్సులో సాంబారు కావాలంటే గిన్నె వైపు చూసేవాణ్ణి. (ఎక్కువసార్లు మజ్జిగ వచ్చేది.)

ఉద్యోగం మా లోకల్ కేబుల్ ఆఫీసులో. మధ్యాహ్నం ఒక సినిమా, సాయంత్రం పాటలు, కింద పరిగెత్తే బట్టల కొట్ల ప్రకటనలు, అదీ మా ఛానలు. సీడీలు మార్చడం, ప్రకటనలు టైపు చేయడం, బొమ్మ రావట్లేదని ఫోను చేసేవాళ్ళకి సమాధానం చెప్పడం నా పని. ఇన్ని అర్హతలున్న నన్ను ఓనరు గారు ఎందుకు తీసుకున్నారో చేరాక తెలిసింది. ఫోన్లో నా గొంతు విని ఆడమనిషి అనుకుని జనం తిట్టడం మానేశారట. "నువ్వొచ్చాక కంప్లైంట్లు కూడా మర్యాదగా వస్తన్నాయయ్యా" అని ఆయన సంతోషపడ్డారు. నేనూ సంతోషపడ్డట్టు మొహం పెట్టాను.

ఓనరు గారు అప్పుడప్పుడూ పని మీద యానాం వెళ్ళేవారు. (ఆ పనేమిటో ఊళ్ళో అందరికీ తెలుసు, ఎవరూ అడగరు.) అలా ఒకసారి వెళ్ళినాయన సీసాలతో పాటు ఒక సంచీడు సీడీలు పట్టుకొచ్చారు, ఎవరో కారుచవకగా ఇచ్చారని. వాటిలో పిల్లల కార్టూను ఒకటి ఉంది. గుండ్రటి మొహం కుక్కపిల్ల, మెడకి ఎర్రగుడ్డ. ఇంట్లో అందరి ముందూ మామూలు కుక్కలా తోక ఊపుతుంది. ఎక్కడైనా ఆపద వస్తే కిటికీలోంచి గాల్లోకి ఎగిరిపోయి, బస్సుల్ని ఎత్తి, చెట్టెక్కి దిగలేని పిల్లుల్ని దించి, మళ్ళీ వచ్చి గుమ్మం దగ్గర ఏమీ ఎరగనట్టు పడుకుంటుంది. బొమ్మలు ముచ్చటగా ఉన్నాయి. మాటలే ఏ భాషో తెలియలేదు. ఓనరు గారు చైనా అన్నారు. ఆఫీసు ముందు ఇస్త్రీ బండి పెట్టుకున్నాయన మలయాళం అన్నాడు. రెండు రోజులు అలాగే వేశాం. పిల్లల తల్లులు ఫోన్లు చేసి, మర్యాదగానే, అర్థమయ్యేది వెయ్యమన్నారు.

"మైకు ముందు నువ్వు కూర్చుని తెలుగులో చెప్పెయ్" అన్నారు ఓనరు గారు.

"నేనాండి?"

"నువ్వే. నీ గొంతు ఎలాగూ కుక్కపిల్ల గొంతే కదా."

ఆయన వెక్కిరించడానికి అనలేదు. స్విచ్చి ఎక్కడుందో చెప్పినంత మామూలుగా అన్నారు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది. ఆ సాయంత్రం సీడీ శబ్దం తగ్గించి, మైకు నోటి దగ్గరికి లాక్కుని, చెమటలు కక్కుతూ మొదలుపెట్టాను. కుక్కపిల్లకి ఏదో ఒక పేరుండాలి కదా. దాని మొహం చూస్తే మా ఊళ్ళో పెళ్ళిళ్ళకి వండే బూరె గుర్తొచ్చింది, బూరెగాడు అన్నాను. ఎవరో పిలుస్తున్నట్టు అది చెవులు రిక్కించగానే నా నోట్లోంచి "ఆయ్, వస్తన్నానండి" అని వచ్చేసింది. మరి మా వైపు కుక్క మా వైపు మాటే మాట్లాడుతుంది. బస్సెత్తుతూ "కాస్త సర్దుకుని కూర్చోండండి" అంది. దొంగని పట్టుకుని "మీరు చేసింది బాగోలేదండి" అంది. అంత మర్యాదగా దొంగల్ని పట్టే సూపర్ హీరో అంతకుముందు లేడు.

వారం తిరిగేసరికి వీధుల్లో పిల్లలు మెడలకి తువ్వాళ్ళు కట్టుకుని అరుగుల మీంచి దూకుతూ "ఆయ్, వస్తన్నానండి" అని అరవడం మొదలుపెట్టారు. నేను మెస్సుకి పోతూ వాళ్ళ మధ్యలోంచే నడిచేవాణ్ణి. ఎవరూ తల తిప్పి చూసేవారు కాదు. ఓనరు గారేమో గొంతులన్నీ హైదరాబాదు నుంచి తెప్పిస్తున్నామని ఊళ్ళో చెప్పుకున్నారు. కాబట్టి నేను మునుపటికంటే గట్టిగా నోరు మూసుకోవాల్సి వచ్చింది. ఊరంతా నా మాటలే, నాతో మాట్లాడేవాళ్ళు లేరు. ఇది తల్చుకుని నవ్వాలో ఏడవాలో తెలియక క్యాలెండరు రైతు వైపు చూసేవాణ్ణి. ఆయన ఎప్పుడూ నవ్వే పక్షం.

ఆ కార్టూనులో ప్రతిసారీ చివర్లో ఒక దృశ్యం ఉండేది. ఆపదలన్నీ తీర్చాక బూరెగాడు పెంకుల కప్పు మీద ఒక్కడే కూర్చుని ఊరివైపు చూస్తాడు. అసలు కథలో అక్కడ మాటలుండేవి కావు. ఏమీ అనకపోతే మైకు పాడైందనుకుంటారని నేనే ఏదో ఒకటి అనేవాణ్ణి. అనగా అనగా అక్కడ నా మాటలు రావడం మొదలైంది. "అందరిళ్ళల్లోనూ దీపాలు పెట్టేశారండి. ఎవరింట్లో ఏం కూరో ఇక్కడికి వాసనొస్తంది. నన్నెవరూ అడగలేదు గానండి, నేను మాత్రం ఇవాళ కూడా బంగాళాదుంపే తిన్నాను." మర్నాడు ఒకావిడ ఫోను చేసింది. "మావాడు ఆ కుక్కకో ముద్ద పక్కన పెడితే గాని అన్నం తినట్లేదమ్మా. దానికి కూర మార్చమని మీ హైదరాబాదు వాళ్ళకి చెప్పండి." చెబుతానన్నాను. చెప్పుకోవడానికి ఎంతో దూరం వెళ్ళనక్కర్లేదు గాని, మెస్సులో కూర నా చేతిలో లేదు.

ముసురు పట్టిన రోజుల్లో నాకు జ్వరం వచ్చింది. గదిలో పడుకుంటే చూసేవాళ్ళు లేరు గనక ఆఫీసుకే వచ్చి బల్లమీద పడుకున్నాను. సాయంత్రానికి గొంతు పూర్తిగా బొంగురుపోయింది. జీవితంలో మొదటిసారి మగవాడి గొంతు వచ్చిందని కాసేపు ఆనందించాను కూడా. ఇవాళ పాటలు వేద్దామండి అంటే ఓనరు గారు ఒప్పుకోలేదు. చేసేది లేక మైకు ముందు కూర్చున్నాను. బూరెగాడు కిటికీలోంచి ఎగురుతూ కప్పలా "ఆయ్" అన్నాడు, మిగతాది దగ్గులో పోయింది. బస్సు ఎత్తుతుంటే తుమ్ము వచ్చింది. కప్పు మీద కూర్చున్నాక "ఒళ్ళు కాలిపోతందండి, ఎవరికీ చెప్పుకోలేదు" అని ముగించాను.

మర్నాడు పొద్దున్న ఆఫీసు గుమ్మంలో జనం. ఒకావిడ ఫ్లాస్కులో మిరియాల కషాయం తెచ్చింది. ఇంకొకావిడ శొంఠి పొడి పొట్లం, వాడే పద్ధతి కూడా చెప్పింది. ఒక కుర్రాడు తన దుప్పటి తెచ్చి, కుక్కపిల్లకి ఇచ్చి రేపు తిరిగిచ్చెయ్యాలన్నాడు. బొమ్మ కుక్కకి జలుబు చెయ్యదని తల్లులకి తెలియక కాదు, పిల్లలు ఊరుకోక. ఓనరు గారు మొహం గంభీరంగా పెట్టి "హైదరాబాదు పంపిస్తామండి, ఏం కంగారు లేదు" అంటూ అన్నీ అందుకున్నారు. అవన్నీ లోపలి గదిలో నా బల్ల కిందికి చేరాయి. ఆయన బయటికి వెళ్ళగానే నేను కషాయం తాగి దుప్పటి కప్పుకున్నాను. కుర్రాడి దుప్పటి నా మోకాళ్ళ దాకానే వచ్చింది.

మధ్యాహ్నం ఒక మామ్మగారు మనవరాలితో వచ్చింది. రేవు దగ్గర చేపలమ్మే మనిషి. చేతిలో స్టీలు క్యారియరు, దాన్నుంచి పీతల పులుసు వాసన. ఓనరు గారు భోజనానికి వెళ్ళారు, నేనే లేచి వెళ్ళాను.

"మీ కుక్కపిల్లకి జలుబు సేసిందంట కదా బాబూ. ఇది పెట్టండి, ఘాటుగా ఉంటది, దెబ్బకి దిగిపోద్ది. ఇది నిన్నట్నుంచి పేణం తీసేత్తంది" అంది మనవరాలిని చూపించి.

మాట్లాడకూడదని తెలుసు. కానీ క్యారియరు చేతిలోకి వచ్చింది, వేడిగా ఉంది, జ్వరం నోటికి ఆ వాసన తగిలింది. "ఎందుకండి శ్రమ" అన్నాను.

పిల్ల ఉలిక్కిపడి నా వెనక్కి చూసింది. "మామ్మా, బూరెగాడు మాట్టాడేడు" అంది. బల్ల కింద వెతికింది, తలుపు వెనక వెతికింది. మామ్మగారు మాత్రం నా మొహం వైపే చూసింది, మాసిన గడ్డం, ఎర్రబడ్డ కళ్ళు, మోకాళ్ళ దాకా దుప్పటి.

"లోపల పడుకుందే, జొరం కదా. లేపకూడదు. ఈ బాబు పెడతాడులే" అని పిల్లని బయటికి పంపింది. తర్వాత క్యారియరు నా చేతిలోంచి తీసుకుని తనే మూత విప్పి, అన్నమూ పులుసూ బల్లమీద పెట్టింది. "నువ్వు తిను నాయనా ముందు, సల్లారిపోద్ది. ఇక్కడ నీకెవరూ లేరా?"

లేరన్నట్టు తలూపాను. అన్నం కలుపుకోవడం మొదలుపెట్టాక తల ఎత్తలేదు, ముక్కూ కళ్ళూ కలిసి కారుతున్నాయి. ఘాటు వల్ల అనుకుందో ఏమో, మంచినీళ్ళు దగ్గరికి జరిపింది. నేను తినడం అయ్యేదాకా అక్కడే నిలబడింది. ఆ ఊళ్ళో నేను గోడవైపు కాకుండా మనిషివైపు కూర్చుని తిన్న మొదటి భోజనం అది.

నాలుగు రోజుల్లో గొంతు తిరిగి వచ్చేసింది, పాత గొంతే. గుమ్మంలో జనం కూడా పలచబడ్డారు, కుక్కకి నయమైందిగా. నాకు మాత్రం అంత తొందరగా నయం కావాలని లేకపోయింది. బూరెగాడి చేత ఇంకో రెండు సాయంత్రాలు దగ్గించాను. మామ్మగారు వచ్చింది. ఈసారి ఒక్కతే వచ్చింది, క్యారియరు లేదు.

"జలుబు దగ్గేదో దొంగ దగ్గేదో నాకు తెలీదా బాబూ" అంది మెల్లగా. "ఆకలేత్తే ఇంటికి రా. రేవు ఎనకాల రెండో సందు, నీలం తలుపు. కుక్క పేరు సెప్పుకుని తినక్కర్లేదు."

వస్తానన్నాను. నిజంగానే వెళ్దామనుకున్నాను. ఇవాళ చొక్కా మాసింది, ఇవాళ వాన, చేతులూపుకుంటూ ఏం వెళ్తాం అనుకుంటూ రోజులు గడిపేశాను. బిడియం ఉన్నవాడికి సాకులు వెతుక్కునే పని ఉండదు, అవే వరస కట్టి వస్తాయి. ఈలోపు పెద్ద కంపెనీల పిల్లల ఛానళ్ళు రోజంతా తెలుగులో కార్టూన్లు వేయడం మొదలుపెట్టాయి. వాటిలో హీరోలు ఎవరికీ అండి అనరు, కానీ రంగులు బాగుంటాయి. మా సీడీ గీతలు పడి ఒకచోట ఆగిపోయింది. ఆ సాయంత్రం నేను పాటలు వేసేశాను. బూరెగాడు ఏడని ఒక్కరూ ఫోను చేయలేదు. చేస్తారేమోనని ఫోను పక్కనే కూర్చున్నాను.

కాకినాడలో వేరే ఉద్యోగం వచ్చి ఊరు విడిచే రోజున, గోదావరి దాటించే పంటు ఎక్కే ముందు, డజను అరటిపళ్ళు కొనుక్కుని ఆ సందులోకి వెళ్ళాను. నీలం తలుపుకి తాళం ఉంది. పక్కింటి గుమ్మంలో ఒకావిడ వల బాగుచేస్తోంది. వాళ్ళు మొగల్తూరు పెళ్ళికి వెళ్ళారని, రెండ్రోజుల్లో వస్తారని చెప్పింది. అరటిపళ్ళు ఆవిడ చేతికిచ్చాను.

"ఎవరొచ్చారని సెప్పమంటారు?"

అప్పుడు తెలిసింది, మామ్మగారికి నా పేరు నేనెప్పుడూ చెప్పలేదని. ఇప్పుడు చెప్పినా ఆవిడకి ఎవరో తెలియదు.

"బూరెగాడు వచ్చి వెళ్ళాడని చెప్పండి" అన్నాను.

ఆవిడ సూది ఆపి నన్ను కిందనుంచి పైదాకా చూసింది. నవ్వలేదు, పాపం, ఆ రోజుల్లో అక్కడ అందరికీ మర్యాద ఎక్కువ. నేనే పంటు మీద రేవు వైపు తిరిగి నిలబడి కాసేపు నవ్వుకున్నాను. ఇప్పుడు నలభై దాటాక, అంత ఎర్రటి ఎండలో అలా ఒక్కడే నవ్వుకుంటూ పోయిన ఆ కుర్రాణ్ణి తల్చుకుంటే, వెనక్కి పిలిచి, రెండ్రోజులు ఆగి వెళ్ళరాదా అని చెప్పాలనిపిస్తుంది.